ప్రతి జిప్‌లో ఉండే పీకే

మీ ల్యాబ్ రికార్డు వర్డ్ ఫైల్ గానీ, ఫోన్‌లో వేసుకునే ఏపీకే గానీ తీసుకుని, టెర్మినల్‌లో హెడ్ కమాండ్‌తో మొదటి రెండు బైట్లు చూడండి. పి, కె అని వస్తాయి. అవి ఫిల్ కాట్జ్ ఇనీషియల్స్.

కాట్జ్ 1962లో అమెరికాలోని మిల్వాకీలో పుట్టాడు. అక్కడే 1984లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పూర్తి చేశాడు, మన బ్రాంచే అన్నమాట. అప్పట్లో ఫైళ్లు మోడెమ్ పెట్టి ఫోన్ లైన్ మీద పంపుకునేవాళ్లు. ఫైల్ పెద్దదైతే ఫోన్ బిల్లూ పెద్దదే. అందుకే చాలామంది ఎస్ఈఏ అనే కంపెనీ తెచ్చిన ఆర్క్ వాడేవాళ్లు. అది పది ఫైళ్లను ఒక్క మూటగా కట్టి, సైజు తగ్గించేది. కాట్జ్ అదే పని చేసే పీకేఆర్క్ రాశాడు. కొన్ని భాగాలు అసెంబ్లీలో రాయడం వల్ల అది చాలా ఫాస్ట్. 1986లో పీకేవేర్ కంపెనీ పెడితే, వాళ్లమ్మ హిల్డెగార్డ్ తోడు నిలబడింది.

1988లో ఎస్ఈఏ కేసు వేసింది. ఆర్క్ కోడ్‌లోని కామెంట్లు, అందులోని స్పెల్లింగ్ తప్పులతో సహా, పీకేఆర్క్‌లో కనిపించాయి. కాట్జ్ డబ్బు కట్టి రాజీ పడ్డాడు. జనం మాత్రం పెద్ద కంపెనీ చిన్నవాణ్ని తొక్కేస్తోందని అతన్నే వెనకేసుకొచ్చారు. నిజానికి ఎస్ఈఏ కూడా చిన్నదే. ఈ ఒక్క విషయంలో నేను కాట్జ్ వైపు మాట్లాడలేను.

కానీ ఆ దెబ్బ తర్వాత చేసింది చూడండి. 1989లో జిప్ అనే కొత్త ఫార్మాట్ తెచ్చి, ఎవరైనా వాడుకోండని దాని వివరాలు బయట పెట్టేశాడు. 1993 నాటి పీకేజిప్ రెండో వెర్షన్‌లో డిఫ్లేట్ వచ్చింది. ముందు వచ్చిన అక్షరాల వరసే మళ్లీ వస్తే, ఇది దాన్ని తిరిగి రాయదు. ఎంత వెనక్కి వెళ్లాలో, ఎంత పొడవు తెచ్చుకోవాలో మాత్రమే రాసుకుంటుంది. ఆపైన తరచూ వచ్చేవాటికి చిన్న కోడ్, అరుదైనవాటికి పొడుగు కోడ్ ఇస్తుంది. మా ఆర్మూర్‌లో పసుపు ఉడకబెట్టి ఎండబెడితే బరువు దిగుతుంది గానీ, నీళ్లు పోస్తే మళ్లీ పచ్చి కొమ్ము కాదు. జిప్ విప్పితే మాత్రం ఒక్క బిట్ తేడా లేకుండా అసలు ఫైలే వస్తుంది. లినక్స్‌లో మనం కొట్టే జీజిప్ కమాండ్ లోపల, పీఎన్‌జీ బొమ్మల లోపల ఉన్నది కూడా డిఫ్లేటే.

డబ్బు బాగానే వచ్చింది. మనిషి మాత్రం తాగుడులో కూరుకుపోయాడు. 2000 ఏప్రిల్ 14న మిల్వాకీలోనే ఒక మోటెల్ గదిలో ఒంటరిగా చనిపోయి కనిపించాడు. వయసు 37. అప్పటికి విండోస్‌లో జనం అతని ఫార్మాట్‌ని వేరేవాళ్లు చేసిన విన్‌జిప్‌తో తెరుస్తున్నారు.