చౌగాన్ ఆటలో పడిన సుల్తాన్: కుత్బుద్దీన్ ఐబక్ చివరి రోజు

లాహోర్‌లో అనార్కలీ బజార్ దగ్గర ఐబక్ రోడ్ అని ఒక వీధి ఉంది. అంగళ్లు, ఇళ్ల మధ్య ఓ చిన్న మఖ్బరా కనిపిస్తుంది. 1970లలో పాకిస్తాన్ ప్రభుత్వం మళ్లీ కట్టించినది అది. ఢిల్లీ సుల్తానుల జాబితాలో మొదటి పేరు ఎవరిదో ఆ కుత్బుద్దీన్ ఐబక్ గారి సమాధి అక్కడే ఉంది. కుతుబ్ మినార్ ఢిల్లీలో ఉంటే సమాధి లాహోర్‌లో ఎందుకుందని పిల్లలు అడుగుతారు. ఆయన తఖ్తు ఎక్కింది లాహోర్‌లోనే, పాలించింది ఎక్కువగా అక్కడి నుంచే. కన్నుమూసింది కూడా అక్కడే. 1210లో, అంటే హిజ్రీ 607లో, గుర్రం మీద నుంచి పడి పోయారు.

మన వైపు ఇంకో గందరగోళం కూడా ఉంది. పేరులో కుతుబ్ ఉందని గోల్కొండ కుతుబ్ షాహీలను ఈయన వంశం అనుకునేవాళ్లు ఉన్నారు. ఏ సంబంధమూ లేదు. గోల్కొండ వంశ మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు, ఐబక్ తర్వాత మూడు వందల ఏళ్లకు.

ఐబక్ తుర్కు పిల్లవాడు. చిన్నతనంలోనే బానిసగా అమ్ముడుపోయి నిషాపూర్ చేరాడు. అక్కడ ఖాజీ ఫఖ్రుద్దీన్ అబ్దుల్ అజీజ్ కూఫీ ఆ పిల్లవాణ్ణి కొన్నారు. ఈ ఖాజీ గారు ఇమామ్ అబూ హనీఫా గారి వంశీకులని చెబుతారు. కొన్నారు గానీ ఇంటి పనికి పెట్టుకోలేదు. తన కొడుకులతో పాటు కూర్చోబెట్టి ఖురాన్ పఠనం నేర్పించారు, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పించారు. బానిస పిల్లాడికి అంత చదువు, అంత శిక్షణ దొరకడం చిన్న విషయం కాదు. ఆ ఇంట్లో నేర్చుకున్నదే తర్వాత ఆయన బతుకంతా నడిపించింది.

తర్వాత ఒక వర్తకుడి చేతికి మారి గజ్నీ చేరారు. అక్కడ సుల్తాన్ ముయిజ్జుద్దీన్ ముహమ్మద్ ఘోరీ ఆయన్ను కొన్నారు. చూడ్డానికి పెద్ద అందగాడేమీ కాదట, ఒక చిటికెన వేలు కూడా విరిగి ఉండేదట. అయినా సుల్తాన్ కంట్లో పడ్డారు. ఒక రాత్రి మజ్లిస్‌లో సుల్తాన్ అందరికీ బంగారం, వెండి బహుమతులు ఇస్తే ఐబక్ తన వాటా మొత్తం అక్కడున్న సిపాయిలకు, పనివాళ్లకు పంచేసి ఉత్త చేతులతో నిలబడ్డారు. ఈ సంగతి తెలిసి సుల్తాన్ ఆయన్ని దగ్గరకు తీశారు. లాఖ్ బఖ్ష్, అంటే లక్షలు దానం చేసేవాడు అనే పేరు తర్వాత వచ్చింది గానీ, అలవాటు మాత్రం చేతిలో ఏమీ లేని రోజుల నుంచే ఉందన్నమాట.

క్రమంగా అమీరె ఆఖూర్ పదవి దక్కింది. రాజుగారి గుర్రపుశాలల అధికారి ఆయనే. ఈ రోజుల్లో వింటే చిన్న ఉద్యోగం అనిపిస్తుంది, ఆ కాలంలో సైన్యం అంటేనే గుర్రాలు. ఈ పనిలోనే ఒకసారి ప్రమాదం వచ్చింది. ఖురాసాన్‌లో సుల్తాన్ షాహ్‌తో యుద్ధం జరుగుతున్నప్పుడు గుర్రాలకు మేత తేవడానికి చిన్న దళంతో వెళ్లి శత్రువుకు చిక్కారు. ఘోరీ సైన్యం గెలిచాక ఇనుప బంధనాలతో అలాగే ఒంటె మీద తీసుకొచ్చి సుల్తాన్ ముందు నిలబెడితే అప్పుడు విడిపించారు.

1192లో రెండో తరాయిన్ యుద్ధం తర్వాత హిందుస్తాన్‌లో గెలిచిన భూములను చూసుకునే బాధ్యత ఐబక్‌కు అప్పగించారు. ఢిల్లీ, మీరట్, ఆ వెంటనే 1194లో చందావర్ యుద్ధం, అలా పద్నాలుగేళ్లు గుర్రం దిగకుండా గడిచాయి. కువ్వతుల్ ఇస్లాం మసీదు, మినార్ మొదటి అంతస్తు ఈ కాలంలోనివే. ఆ మసీదుకు పడగొట్టిన గుడుల రాళ్లు, స్తంభాలు వాడారని అక్కడి శాసనమే చెబుతుంది, దాన్ని దాచనక్కర్లేదు. ఆయన ఔలియా కాదు, ఆ కాలపు సేనాని. అలాగని వాట్సాప్‌లో తిరిగే కథల్లోని రాక్షసుడూ కాదు. ఆ కథ సంగతికి వద్దాం గానీ, ముందు అసలు ఏం జరిగిందో చూద్దాం.

1206లో ఘోరీ హత్య జరిగింది. ఆయనకు కొడుకులు లేరు. ఐబక్ లాహోర్‌లో అధికారం చేపట్టారు. విచిత్రం ఏమిటంటే అప్పటికి ఆయన చట్టప్రకారం ఇంకా బానిసే. విముక్తి పత్రం ఘోరీ వంశం నుంచి తర్వాత వచ్చింది. గజ్నీ కోసం యల్దుజ్‌తో పోటీ పడి దాన్ని పట్టుకున్నారు కూడా, కానీ నలభై రోజులకే వదిలి రావాల్సి వచ్చింది. మొత్తం పాలన నాలుగేళ్లు.

చౌగాన్ అంటే ఈనాటి పోలో. గుర్రం మీద దౌడు తీస్తూ పొడవాటి కర్రతో బంతిని కొట్టాలి. తుర్కు, ఇరానీ అమీర్లకు అది ఆట మాత్రమే కాదు, కవాతు. ఇద్దరు రౌతులు ఒకే బంతి మీదికి దూసుకొచ్చినప్పుడు గుర్రం కాలు తప్పితే ఇక అంతే. ఐబక్ మరణం గురించి అర్ధశతాబ్దం తర్వాత తబఖాతె నాసిరీలో మిన్హాజ్ సిరాజ్ రాసింది చాలా క్లుప్తం: చౌగాన్ ఆడుతూ పడ్డారు, గుర్రం ఆయన మీద పడింది, జీను ముందు మొన ఛాతీకి తగిలింది, చనిపోయారు.

ఆ రోజుల్లో జీను చట్రం చెక్కది. రౌతు ముందుకు జారకుండా జీను ముందు భాగం గట్టి మొనలా పైకి లేచి ఉండేది. గుర్రం బరువు మూడు నాలుగు వందల కిలోలు. ఆ బరువంతా పిడికిలంత చోట మనిషి ఛాతీ మీద దిగిందనుకోండి.

మొదటి క్షణంలో ఊపిరి ఆగినట్టవుతుంది. ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే డయాఫ్రం కండరం బిగుసుకుపోయి గాలి లోపలికి రాదు. మామూలు దెబ్బయితే అర నిమిషంలో సర్దుకుంటుంది. అదే సమయంలో అడ్రినలిన్ రక్తంలోకి చేరి గుండె వేగం పెరుగుతుంది, నొప్పి మొద్దుబారుతుంది. అందుకే కింద పడ్డవాళ్లు లేచి నిలబడి, ఏం కాలేదు, బాగానే ఉన్నాను అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల ఒళ్లే వాళ్లకు అలా చెబుతోంది.

లోపల జరిగేది వేరు. పక్కటెముక విరిగి దాని కొన ఊపిరితిత్తిలో దిగితే గాలి బయటకు కారి ఛాతీలో చిక్కుకుంటుంది. పీల్చిన ప్రతి శ్వాసతో అది పెరిగి ఊపిరితిత్తిని, చివరకు గుండెను కూడా ఒక పక్కకు నెట్టేస్తుంది. రక్తనాళం తెగితే ఛాతీలో ఒక్కో వైపు రెండు లీటర్లకు పైగా రక్తం నిండిపోగలదు, బయట ఒక్క చుక్క కనబడకుండానే. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేదే సుమారు ఐదు లీటర్లు. రక్తం పోతున్నప్పుడు ఒళ్లు గుండెను, మెదడును కాపాడుకోవడానికి చర్మానికి వెళ్లే నాళాలను బిగిస్తుంది. అందుకే ముఖం పాలిపోతుంది, చేతులు చల్లబడతాయి, చల్లటి చెమట పడుతుంది, దాహం వేస్తుంది. దాదాపు లీటరున్నర పోయేవరకు బీపీ అటూ ఇటుగా నిలబడే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది, మాట తడబడుతుంది. ఇవేవీ లేకుండా, దెబ్బ సరిగ్గా గుండె మీద, గుండె లయలో ఒకానొక క్షణంలో తగిలితే ఎముక విరగకుండానే గుండె ఆగిపోవచ్చు.

ఇవాళయితే పక్కటెముకల మధ్య గొట్టం పెట్టి గాలిని, రక్తాన్ని బయటకు తీస్తారు, రక్తం ఎక్కిస్తారు, అవసరమైతే ఆపరేషన్ చేస్తారు. 1210లో లాహోర్ హకీములు ఎంత గొప్పవాళ్లయినా ఛాతీ లోపలికి చేరే దారి లేదు.

మన ఇళ్లలో గుర్రాలు లేవు, బైకులు ఉన్నాయి. బైకు హ్యాండిల్ కొన ఛాతీలోనో పొట్టలోనో గుచ్చుకోవడమంటే అదే జీను మొన దెబ్బ. ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం, అదే స్ప్లీన్, ముఖ్యంగా పిల్లల్లో పైన చిన్న కమిలిన మచ్చ తప్ప ఏమీ కనిపించకుండానే చిట్లవచ్చు, కొన్నిసార్లు రోజుల తర్వాత కూడా. దెబ్బ పొట్టకు తగిలి నొప్పి ఎడమ భుజంలో వస్తోందంటే, మనిషి పాలిపోయి దాహం దాహం అంటుంటే, నీళ్లు తాగించి పడుకోబెట్టకూడదు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక ఆ వాట్సాప్ కథ. ఉదయ్‌పూర్ రాకుమారుణ్ణి ఐబక్ బంధించి లాహోర్ తెచ్చాడని, అతని తల నరికి చౌగాన్ ఆడబోతుంటే శుభ్రక్ అనే గుర్రం ఐబక్‌ను కింద పడేసి తొక్కి చంపి, తన యజమానిని ఉదయ్‌పూర్ చేర్చిందని. వినడానికి సినిమాలా ఉంటుంది. అయితే ఉదయ్‌పూర్ నగరం కట్టిందే 16వ శతాబ్దంలో, మహారాణా ఉదయ్ సింగ్. ఐబక్ పోయిన మూడున్నర శతాబ్దాల తర్వాత పుట్టిన ఊరికి ఆ గుర్రం ఎలా చేరిందో ఫార్వర్డ్ చేసేవాళ్లే చెప్పాలి. జీను మొన దెబ్బతో మనిషి చనిపోవడానికి పగబట్టిన గుర్రం అక్కర్లేదు, కాలు తప్పిన గుర్రం చాలు.

ఆ ఒక్క దెబ్బతో రాజ్యం చెల్లాచెదురైంది. తర్వాత ఎవరన్నది తేల్చకుండానే ఆయన పోయారు. లాహోర్‌లో ఆరామ్ షాహ్‌ను కూర్చోబెట్టారు. సింధ్ వైపు ఖుబాచా, బెంగాల్‌లో అలీ మర్దాన్ ఎవరికి వారే అయ్యారు. ఢిల్లీ అమీర్లు బదాయూన్ నుంచి ఐబక్ అల్లుడు ఇల్తుత్‌మిష్‌ను పిలిపించారు. 1211లో ఆరామ్ షాహ్‌ను ఓడించి ఆయన సుల్తాన్ అయ్యారు. ఆయన కూడా బానిసగా అమ్ముడుపోయి వచ్చినవారే. రాజధాని ఢిల్లీకి మారింది, ఐబక్ ఒక్క అంతస్తుతో వదిలిన మినార్ పైకి లేచింది.