ఫ్రాన్సిస్ వీమెట్

అమెరికా సంయుక్తరాష్ట్రములలో బోస్టన్ మహానగరమునకు చేరువను బ్రూక్‌లైన్ అను ఊరు కలదు. 1882వ సంవత్సరమున అచ్చటి సంపన్నులు కొందఱు కూడి కంట్రీ క్లబ్ అను విహారసంఘమును స్థాపించుకొనిరి. గుఱ్ఱపుస్వారి మొదలగు వినోదములకై ఏర్పడిన ఆ సంఘము 1893వ సంవత్సర ప్రాంతమున గాల్ఫ్ ఆటకు గూడ మైదానమును సిద్ధపఱచుకొనెను. ఆ 1893వ సంవత్సరముననే, మే నెల 8వ తేదీన, ఆ యూరిలోనే, ఒక సామాన్య కుటుంబమున ఫ్రాన్సిస్ వీమెట్ జన్మించెను. తండ్రి ఆర్థర్ కెనడా దేశమునుండి వలస వచ్చిన ఫ్రెంచి సంతతివాడు. తోటపని మొదలగు కాయకష్టము చేసి సంసారమును నెట్టుకొని వచ్చుచుండెను. తల్లి మేరీ ఐరిష్ జాతీయురాలు. ఫ్రాన్సిస్ పసివాడై యుండగనే ఆ కుటుంబము క్లైడ్ వీధిలోని యొక చిన్న యింటికి మారెను. వీధికి ఇవతల వారి యిల్లు, అవతల కంట్రీ క్లబ్ మైదానము. వాకిట నిలిచి చూచినచో ఆ మైదానపు 17వ గుంట కనబడుచుండెను.

గాల్ఫ్ ఆటను చూడని వారికి దాని రీతి కొంత చెప్పవలసి యున్నది. విశాలమైన పచ్చికబయలున దూరదూరముగా 18 చిన్న గుంటలుండును. ఆటగాడు నియమితస్థానమున నిలిచి, చిన్న గట్టిబంతిని కఱ్ఱతో కొట్టుచు, దాని వెంట నడచుచు, తుదకు గుంటలో పడవేయవలెను. ఎన్ని దెబ్బలు తక్కువైన అంత మేలు. ఎదిరి యెవ్వడును బంతిని తిప్పికొట్టడు. చెట్లు, ఇసుకపల్లములు, గాలి, వాన, తన చేతి వణకు – ఇవియే యాటగానికి ఎదిరులు. దూరమును బట్టి వేఱువేఱు కఱ్ఱలు వాడవలసి యుండును గనుక వాని సంచిని మోసికొని యొక బాలుడు వెంట నడచును. అట్టి బాలుని కేడీ యందురు.

ఫ్రాన్సిస్ బడికి పోవుటకు మైదానము మీదుగా అడ్డదారి పట్టెడివాడు. పొదలలో ధనికులు పోగొట్టుకొన్న బంతులు వానికి దొరకుచుండెను. అన్న విల్ఫ్రెడ్ ఆ మైదానముననే కేడీగా నుండెను. అన్నదమ్ములు దొరకిన బంతులను కూడబెట్టి, వానిని అంగడిలో నిచ్చి, బదులుగా ఒక కఱ్ఱను సంపాదించిరి. ఇంటి వెనుక బీడునేలలో మూడు గుంటలు త్రవ్వి తమదైన మైదానమును చేసికొనిరి. ఇసుక, రాళ్లు, ముండ్లపొదలు గల యా బీటిలో బంతిని తిన్నగా కొట్టనిచో అది మరల దొరకెడిది కాదు. వానికి తొలిగురువు ఆ బీడే యనవచ్చును. కొంతకాలమునకు ఫ్రాన్సిస్ కూడ కేడీయై, సంచి మోయుచు, మేటి యాటగాండ్రు కఱ్ఱ పట్టు తీరును, నిలుచు తీరును కన్నులార చూచి, ఇంటికి వచ్చి అభ్యసించుచుండెను. తెల్లవాఱుజామున ఎవ్వరును లేనప్పుడు క్లబ్ మైదానములోనికి పోయి యొకటి రెండు గుంటలు ఆడుటయు, కావలివాడు చూచి తఱుముటయు గూడ జరుగుచుండెను. ఈ యాట కూడు పెట్టునది కాదని తండ్రికి సమ్మతి లేకుండెను. తల్లి మాత్రము కుమారుని పక్షము వహించెను.

ఆ దినములలో గాల్ఫ్ ఆటగాండ్రు రెండు తెగలుగా నుండిరి. క్లబ్బులలో జీతమునకు కుదిరి, ఆట నేర్పుచు, కఱ్ఱలు చేయుచు బ్రదుకువారు వృత్తిక్రీడాకారులు. వారు మిక్కిలి నేర్పరులేయైనను సభ్యులతో సమానముగా క్లబ్ భవనమున మెలగుట కల్ల. వినోదమునకు మాత్రమే యాడు కలవారు ఔత్సాహికులు. ఔత్సాహికుల కొఱకు ప్రత్యేకముగా జాతీయపోటీ యొకటి యుండెను. రెండు తెగలవారును పాల్గొనదగినది ఓపెన్ పోటీ. ఈ రెండును 1895వ సంవత్సరమున ఆరంభమైనవి.

పోటీకి పేరిచ్చిన వారందఱును పోటీలో నాడుటకు వీలు లేదు. పగటివెలుగు కొలది గంటలే యుండును, మైదానము ఒక్కటియే. కావున ముందుగా అర్హతపరీక్ష జరిపి, దెబ్బల మొత్తము తక్కువైన వారిని కొందఱిని మాత్రమే అసలు పోటీకి తీసికొందురు. ఈ పరీక్షలో వంశము, ధనము, పూర్వకీర్తి లెక్కకు రావు; కాగితముపై వ్రాసిన అంకె యొక్కటియే లెక్క. అయితే ఆ పరీక్ష వఱకు వచ్చుటకే కొన్ని వాకిండ్లు దాటవలసి యుండెను. నిర్ణీత వయస్సు దాటిన పిదప కేడీపని చేసినవాడు ఔత్సాహికుడు కాజాలడని నిబంధన. అందుచే ఫ్రాన్సిస్ సంచి మోయుట మానవలసి వచ్చెను. మఱియు ఔత్సాహికపోటీలో చేరుటకు గుర్తింపు పొందిన క్లబ్బులో సభ్యత్వ ముండవలెను. 1910వ సంవత్సరమున ఆ పోటీ తన యింటి యెదుటి మైదానముననే జరుగునని తెలిసి ఫ్రాన్సిస్ తహతహలాడెను. వుడ్‌లాండ్ అను క్లబ్బులో బాలసభ్యునిగా చేరుటకు 25 డాలర్లు కావలెను. వాడు తల్లివద్ద అప్పుగా తీసికొని చేరెను. ఆ వేసవిలో ఒక బట్టల దుకాణమున వారమునకు 4 డాలర్ల జీతమునకు పనిచేసి ఆ ఋణమును తీర్చెను.

ఇంత చేసి అర్హతపరీక్షకు నిలువగా ఒక్క దెబ్బ ఎక్కువైనందున తప్పిపోయెను. 1911లో మరల ప్రయత్నించెను. మరల ఒక్క దెబ్బ తేడా. 1912లో పోటీ షికాగో నగర ప్రాంతమున జరుగగా అంత దూరము పోయెను. అచ్చటను అదే ఒక్క దెబ్బ. మూడేండ్లు వరుసగా ఒక్కొక్క దెబ్బతో వెలుపల నిలిచినవాడు నాలుగవయేట మరల పేరిచ్చుటకు ఎంత గుండె నిబ్బరము కావలెనో ఊహింపవచ్చును. 1913లో గార్డెన్ సిటీ యను చోట ఫ్రాన్సిస్ అర్హతపరీక్షను దాటెను. అసలు పోటీలో మాత్రము రెండవ ఘట్టముననే జెరోమ్ ట్రావర్స్ అను వానికి ఓడిపోయెను. ఆ యేటి విజేత ట్రావర్సే.

ఆ 1913వ సంవత్సరమునందే ఓపెన్ పోటీ బ్రూక్‌లైనులో జరుగనుండెను. ఇంగ్లండునుండి హ్యారీ వార్డన్, టెడ్ రే యను ఇరువురు మహాక్రీడాకారులు వచ్చుచున్నారని తెలిసి, వారికి అనుకూలముగా పోటీని సెప్టెంబరునకు మార్చిరి. వార్డన్ అప్పటికే బ్రిటిష్ ఓపెన్ పోటీలో ఐదుమార్లు, 1900లో అమెరికా ఓపెన్ పోటీలో ఒకమాఱు గెలిచిన ధీరుడు. తానును తోటమాలి కొడుకే. రే 1912లో బ్రిటిష్ ఓపెన్ గెలిచినవాడు. అప్పటికి ఫ్రాన్సిస్ రైట్ అండ్ డిట్సన్ వారి క్రీడాసామగ్రి దుకాణమున పనిచేయుచుండెను. ఔత్సాహికపోటీకై అప్పుడే సెలవు తీసికొన్నందున మరల సెలవడుగుటకు సిగ్గుపడి, ఆ మహాక్రీడాకారుల ఆటను చూచుటకు ఒక పూట వీలు చిక్కిన చాలునని తలచెను. కాని గాల్ఫ్ సంఘాధ్యక్షుడైన రాబర్ట్ వాట్సన్ పేరిమ్మని బలవంతపెట్టుటచే పేరిచ్చెను. ఆ సంగతి పత్రికలో వచ్చెను. యజమాని చూచి, కోపగించుకొనుటకు బదులు, పేరిచ్చినవాడు ఆడితీరవలెనని సెలవు మంజూరు చేసెను.

పోటీకి ముందు ఆదివారమున ఫ్రాన్సిస్ తనకు బాగుగ తెలిసిన వెల్లెస్లీ మైదానమున మిత్రులతో అభ్యాసమునకు పోయి రెండుమార్లు ఆడి, మాటికి 88 దెబ్బలు వెచ్చించెను. అది వాని స్థాయికి మిక్కిలి హీనము. మిత్రులు తమ వలననే వాని ఆట చెడెనని నొచ్చుకొనిరి. వాడు మాత్రము చెడు ఆటయంతయు ఆ దినముతో వదలిపోయినదని వారిని ఓదార్చెను.

ఆ యేడు పేరిచ్చినవారు 150కి మించిరి. అందఱిని రెండుభాగములుగా చేసి రెండుదినములు అర్హతపరీక్ష జరిపిరి. ఒక్కొక్కడు ఒక్కదినములో 36 గుంటలు, అనగా మైదానమును రెండుమార్లు, ఆడవలెను. మొదటిదినమున ఫ్రాన్సిస్ 152 దెబ్బలతో ముగించెను. అదే దినమున ఆడిన వార్డన్ మొత్తము 151. మూడేండ్లు తన్ను వెలుపల నిలిపిన ఆ ఒక్క దెబ్బయే యిప్పుడు వానికిని ప్రపంచవిఖ్యాతుడైన వార్డనునకును నడిమి దూరమయ్యెను.

అసలు పోటీలో రెండుదినములయందు 72 గుంటలు ఆడవలసి యుండెను. ఫ్రాన్సిస్ సంచి మోయుటకు వచ్చినవాడు ఎడ్డీ లోరీ యను పదేండ్ల పిల్లవాడు. మొదట వాని యన్న రావలసి యుండెను. బడి యెగగొట్టిన పిల్లలను పట్టు ఉద్యోగి చేతికి అన్న చిక్కగా, తమ్ముడు తప్పించుకొని ఆ పనికి వచ్చెను. సంచి వాని పొడవంత యుండెను. బంతిమీదనుండి చూపు మరల్పవద్దని ప్రతి దెబ్బకును వాడు ఫ్రాన్సిసును హెచ్చరించుచుండెను.

రెండవదినము వాన. వార్డన్, రే ఇరువురును చెరి 304 దెబ్బలతో ముగించిరి. వెనుక ఆడుచున్న ఫ్రాన్సిస్ చివరి ఆవృత్తిలో మొదటి తొమ్మిది గుంటలకు 43 దెబ్బలు వెచ్చించెను. పదవగుంట వద్దను చెడెను. చూచువారు ఆశ వదలిరి. వారిని కలసికొనుటకు తుది ఆరు గుంటలను 22 దెబ్బలలో ముగింపవలెను. నిపుణులకు గూడ అందు 24 పట్టునని మైదానపు లెక్క. 13వ గుంట వద్ద పచ్చిక వెలుపలనుండి కొట్టిన బంతి నేరుగ గుంటలో పడెను. అటుపిమ్మట మూడు గుంటలు తప్పులేక జరిగినవి. 17వ గుంట తన యింటి యెదుటిది. దూరముగా నిలిచిన బంతిని అచ్చట ఒక్క దెబ్బలో లోన వేయవలెను. క్లైడ్ వీధిలో జనసమ్మర్దముచే నిలిచిపోయిన మోటారుబండ్లు ఒక్కుమ్మడిగా కూతలు పెట్టుచుండెను. ఆ రొద వాని చెవిని సోకనేలేదు. బంతి వాలుమీదుగా దొరలిపోయి గుంటలో పడెను. చివరి గుంటను గూడ నాలుగుదెబ్బలలో ముగించి ఫ్రాన్సిస్ 304తో వారి సరసన నిలిచెను.

మఱుదినము సెప్టెంబరు 20. ముగ్గురును 18 గుంటలు ఆడి తీర్పు తేల్చుకొనవలెను. వాన వదలలేదు. ఇట్టి ఘట్టమున పదేండ్ల పిల్లవాని బదులు అనుభవము గలవానిని పెట్టుకొమ్మని కొందఱు చెప్పవచ్చిరి. ఎడ్డీ కన్నుల నీరు నిండుట చూచి ఫ్రాన్సిస్ వానినే యుంచుకొనెను. మొదటి తొమ్మిది గుంటలకు ముగ్గురివియు 38 దెబ్బలే. పదవగుంట వద్ద ఫ్రాన్సిస్ ఒక దెబ్బ ముందైనాడు. తరువాత రే వెనుకబడెను. 17వ గుంటకు వచ్చునప్పటికి వార్డన్ ఒక్క దెబ్బయే వెనుక నుండెను. దారి మలుపును దాటించి కొట్టబోగా వార్డన్ బంతి ఇసుకపల్లమున పడెను. అతనికి అచ్చట ఐదు దెబ్బలు, ఫ్రాన్సిసునకు మూడు. ఆ పల్లమును నేటికిని వార్డన్ పేరనే పిలుతురు. తుదకు ఫ్రాన్సిస్ 72, వార్డన్ 77, రే 78. ఇరువదియేండ్ల దుకాణపు గుమాస్తా అమెరికా ఓపెన్ పోటీలో గెలిచిన మొదటి ఔత్సాహికుడయ్యెను. జనులు వానిని భుజములపై నెత్తుకొనిరి. ఔత్సాహికుడగుటచే ఫ్రాన్సిస్ పైకము ముట్టరాదు. అందుచే ఒక టోపీని జనులలో త్రిప్పి, చేరిన సొమ్మును ఎడ్డీ లోరీకి ఇచ్చిరి.

1914లో ఫ్రాన్సిస్ అదే ట్రావర్సును తుదిఘట్టమున ఓడించి ఔత్సాహికపోటీని గూడ గెలిచెను. అయినను కష్టములు తీరలేదు. మిత్రునితో కలసి క్రీడాసామగ్రి దుకాణము తెఱచినందున 1916లో గాల్ఫ్ సంఘము వానిని ఔత్సాహికుడు కాదని త్రోసివేసెను. కలిమి లేనివాడు పనిచేసి బ్రదుకుట నేరమైనట్లు తోచి పలువురు ఆ నిర్ణయమును గర్హించిరి. మొదటి ప్రపంచయుద్ధమున సైన్యమున చేరిన పిదప 1918లో మరల అర్హత నిచ్చిరి. 1931లో, తొలివిజయమునకు 17 ఏండ్ల తరువాత, ఔత్సాహికపోటీని రెండవమాఱు గెలిచెను.

ఇంతలో దేశమంతట ఆటగాండ్రు పెరిగిరి. ఒక్క మైదానమున రెండుదినముల పరీక్ష చాలదయ్యెను. 1924నుండి ఓపెన్ పోటీకి అర్హతపరీక్షలను దేశమున వేఱువేఱు ప్రాంతములందు ముందుగనే జరుపసాగిరి. 1959నుండి అవి రెండు మెట్లుగా నున్నవి. మొదటిమెట్టు 18 గుంటలు, రెండవది ఒక్కదినములో 36 గుంటలు. పూర్వవిజేతలు మొదలగు కొందఱికి పరీక్ష లేకయే ప్రవేశ ముండును; మిగిలిన స్థానములకై యిటీవల ఏటేట పదివేలకు మించి పేర్లు వచ్చుచున్నవి. ఆ పోటీలో నాడువారు 156 మంది మాత్రమే.

1949లో మిత్రులు ఫ్రాన్సిస్ పేర విద్యానిధి నొకదానిని స్థాపించిరి. మసాచుసెట్స్ రాష్ట్రపు గాల్ఫ్ మైదానములలో కేడీలుగను, ఇతరములైన పనులలోను ఉన్న యువకులకు కళాశాల చదువునకై ధనసహాయము చేయుట దాని పని. 1951లో స్కాట్లండునందలి సెంట్ ఆండ్రూస్ క్లబ్ వానిని తన కెప్టెనుగా ఎన్నుకొనెను. ఆ పదవి అంతకుముందు బ్రిటిష్‌వారికి దక్క అన్యులకు లభించి యుండలేదు. 1967 సెప్టెంబరు 2వ తేదీన ఫ్రాన్సిస్ వీమెట్ మరణించెను. విద్యానిధి యిప్పటికిని నడచుచున్నది.