డొరతీ కేరీ దొరసానిగారు

విలియం కేరీగారి పేరు మన సంఘములలో ఎరుగనివారు అరుదు. 1818లో శ్రీరాంపూరు అచ్చుకూటమునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడుట వారి ప్రయాసఫలమే. వారి భార్యను మాత్రము మనము అంతగా తలంచుకొనము.

డొరతీ ఇంగ్లండులో నార్తాంప్టన్ ప్రాంతపు పల్లెపడుచు. 1781లో జోళ్లు కుట్టుకొను కేరీని పెండ్లాడెను. చేవ్రాలు రానందున రిజిస్టరులో గీతల గుర్తు పెట్టెను. పేదరికమును, ఇద్దరు ఆడుబిడ్డల మరణమును ఆయనతో కలిసి భరించెను. కాని 1793లో ఆయన మన దేశమునకు పోవుదమనగా రాననెను. అప్పుడామె నిండు గర్భిణి. పుట్టిన సీమ విడిచి, తిరిగి వత్తునో లేదో తెలియని ప్రయాణము. ఆమెను పిరికిదని మేము అనజాలము.

కేరీగారు పెద్దకుమారుడు ఫీలిక్సును మాత్రము తీసికొని బయలుదేరిరి. కంపెనీవారి అనుమతి లేనందున ఓడ దిగవలసివచ్చెను. ఆ ఆలస్యములో ఇంటియొద్ద బిడ్డ పుట్టెను. కేరీగారును, సహచరుడైన వైద్యుడు తామసుగారును వచ్చి బతిమాలినను ఆమె ఒప్పుకొనలేదు. తామసుగారు మరల అడుగగా, చెల్లెలు కేథరిన్ తోడువచ్చినయెడల వత్తుననెను. ఆతురముగా ఇల్లు సర్దుకొని జూన్ 13న చంటిబిడ్డతో ఓడయెక్కెను.

బెంగాలులో లేమి, జ్వరము, రక్తవిరేచనములు. 1794లో ఐదేండ్ల పీటరు మదనబాటిలో చనిపోగా, పాతిపెట్టుటకు సాయపడువారు దొరకుటయే కష్టమాయెను. అటుతరువాత ఆమె మతి చెదరెను. భర్తను లేనిపోని అనుమానములతో నిందించెను, గదిలో ఉంచవలసివచ్చెను. ఆమె కేకలు వినబడుచుండగా ప్రక్కగదిలో కేరీగారు తర్జుమా పని సాగించిరి.

1807 డిసెంబరు 8న ఆమె శ్రీరాంపూరులో కన్నుమూసెను. ఇంగ్లండును మరల చూడలేదు, కేరీగారును చూడలేదు.