కల్నల్ కాలిన్ మెకంజీ

ఊరికి పొలిమేర తెలియనిచో తగవులు తప్పవు. రాజ్యమునకు ఎల్లలు తెలియనిచో యుద్ధములు తప్పవు. దక్షిణదేశమున ఎల్లలు ఏటేట మారుచున్న కాలములో, గొలుసుతో నేలను కొలిచి పటములు గీయించిన మహనీయుడు కాలిన్ మెకంజీ.

ఆయన 1754లో స్కాట్లండుకు చెందిన లూయీ ద్వీపమున, స్టోర్నవే పట్టణమున జన్మించెను. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువున మద్రాసు చేరి, పిమ్మట ఇంజనీరు శాఖలో ప్రవేశించెను. 1792లో టిప్పు సుల్తాను విడిచిన సీమలలో కొంత భాగము నిజాముకు వచ్చెను. ఆ సీమల స్వరూపమును, ఎల్లలను తెలిసికొనుటకై మెకంజీ నిజాము రాజ్యమునకు నియమితుడై, పలు కష్టములకోర్చి 1796లో ఆ రాజ్యపటమును సిద్ధపరచెను.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయెను. టిప్పు రాజ్యము నిజాముకును, కంపెనీకిని, మైసూరు రాజునకును పంపకమయ్యెను. పంపకము కాగితముపై జరిగెను గాని నేలపై గీత లేదు. ఆ గీతను నిర్ణయించు భారము 1800లో మెకంజీపై బడెను. సమతలమున ఆధారరేఖను కొలిచి, కొండశిఖరములపై జెండాలు నిలిపి, కోణములు గ్రహించి, త్రిభుజముల వల పన్నినట్లు సుమారు 40,000 చదరపు మైళ్ల భూమిని ఆయన సర్వే చేయించెను. పరివారములో పలువురు జ్వరముల పాలైనను పని నిలువలేదు.

అయితే మెకంజీకి దేశభాషలు రావు. నేలను కొలువగలిగెను గాని ఆ నేల కథను చదువలేకపోయెను. ఆ కొరత తీర్చినవాడు ఏలూరు వాస్తవ్యుడు కావలి వెంకట బొర్రయ్య. బహుభాషావేత్తయగు ఆ యువకుడు గ్రామగ్రామము తిరిగి శాసనములు చదివి, కరణముల కవిలెలు పరిశీలించి, దేవాలయములు, చెరువులు, మాన్యములు, పొలిమేరలను గూర్చిన వృత్తాంతములు సేకరించెను. దురదృష్టవశమున 1803లో, ముప్పదియేండ్లైనను నిండకమునుపే, ఆయన స్వర్గస్థుడయ్యెను. సోదరుడు లక్ష్మయ్య ఆ కార్యమును కొనసాగించెను. తనకు ఈ దేశవిజ్ఞానమునకు ద్వారము తెరచినవాడు బొర్రయ్యయేయని మెకంజీ 1817లో మిత్రునకు వ్రాసిన లేఖలో కృతజ్ఞతతో అంగీకరించెను. ఏలికల కొలువున నున్న దొర ఒక ఆంధ్ర యువకుని ఋణమును మరువకుండుట గమనింపదగినది.

మెకంజీ 1810లో మద్రాసు సర్వేయర్ జనరలుగను, 1815లో భారతదేశ సర్వేయర్ జనరలుగను నియమితుడయ్యెను. 1821 మే 8వ తేదీన కలకత్తా సమీపమున మరణించెను. ఆయన భాండారములో 1,568 గ్రంథములు, 8,076 శాసన ప్రతులు, 6,218 నాణెములు ఉండెను. కంపెనీ లక్ష రూపాయలిచ్చి దానిని ఆయన భార్యనుండి కొనెను. పిమ్మట సి. పి. బ్రౌను దొర అందలి తెలుగు వృత్తాంతములకు ప్రతులు వ్రాయించి రక్షించెను. కైఫియత్తులని ప్రసిద్ధి కెక్కినవి ఇవియే.

ఆనాటి రాజ్యముల ఎల్లలు చెరగిపోయినవి. వ్రాసి దాచిన ఊళ్ల కథలు మాత్రము నిలిచినవి. మాకవరపాలెము వంటి ప్రతి గ్రామమునను చెరువు కథ, గుడి కథ, పొలిమేర కథ తెలిసిన పెద్దలు కలరు. వాటిని వ్రాయించి భద్రపరచుట గ్రంథాలయమునకు తగిన పని. బొర్రయ్యకు మనము చెల్లింపగల ఋణమదియే.