టెకుమ్సే - ఇద్దరు దొరల యుద్ధంలో మూడవవాడు

బడిలో పిల్లలకు అమెరికా చరిత్ర చెబుతూ 1812 యుద్ధం దగ్గరకు వచ్చేసరికి మాకు ప్రతి ఏడూ ఒకటే చిక్కు. ఎవరు గెలిచారు సార్ అని అడుగుతారు పిల్లలు. ఏం చెప్పాలి? అమెరికా వారు మేమే గెలిచామంటారు. కెనడా వారు, మా దేశాన్ని కాపాడుకున్నాం గనుక గెలుపు మాదేనంటారు. ఇంగ్లాండు వారికైతే అప్పట్లో నెపోలియన్ గొడవే పెద్దది. ఈ యుద్ధం వారికి అంతగా గుర్తుండదు. అందుకని మేము ఎదురు ప్రశ్న వేస్తాం - ఓడిందెవరు? దానికి జవాబు చెప్పాలంటే ఒక మనిషి కథ చెప్పక తప్పదు. ఆ మనిషి పేరు టెకుమ్సే.

పాత పుస్తకాల్లో ఈయన జాతివారిని రెడ్ ఇండియన్లు అని రాసేవారు. మన దేశానికి దారి వెతుక్కుంటూ పోయిన కొలంబస్ చేసిన పొరపాటు అది. ఒక మనిషి దారి తప్పితే ఒక ఖండం జనానికంతటికీ వేరే దేశం పేరు అంటుకుంది! మేము ఇక్కడ ఆదివాసులనే అంటాం.

టెకుమ్సే షానీ తెగవాడు. సుమారు 1768లో, ఒహాయో నది ఉత్తరపు సీమలో పుట్టాడు. ఆ సీమంతా దట్టమైన అడవి, నదుల పక్కన మొక్కజొన్న చేలు. ఆయనకు ఆరేళ్ళ వయసులో, 1774 అక్టోబరులో, పాయింట్ ప్లెజంట్ అనే చోట వర్జీనియా తెల్లవారితో జరిగిన పోరులో తండ్రి చనిపోయాడు. అయిదేళ్ళకు తెగలో ఒక భాగం ఈ యుద్ధాలు పడలేక పడమటికి వలస పోతే తల్లి వారితో వెళ్ళిపోయింది. పిల్లవాడు అక్క టెకుమపీస్ చేతుల్లో పెరిగాడు. చివరిదాకా ఆమె అంటే ఆయనకు ప్రాణం. పెద్దన్న చీసీకా యుద్ధ విద్య నేర్పాడు. ఆ అన్న కూడా 1792లో యుద్ధంలోనే పోయాడు. ఊళ్ళు కాలిపోవడం, మళ్ళీ కట్టుకోవడం, మళ్ళీ కాలిపోవడం - ఆ బాల్యం అలా గడిచింది.

యౌవనంలో జరిగినట్లు చెప్పే సంగతి ఒకటి ఉంది. నది మీద వచ్చే తెల్లవారి పడవలను కొట్టి, దొరికిన ఒక ఖైదీని తోటివారు సజీవంగా కాల్చి చంపారు. అప్పటికి ఇరవయ్యేళ్ళు కూడా నిండని టెకుమ్సే అది చూసి సహించలేక, పెద్దవాళ్ళని చూడకుండా అందరినీ మందలించాడట. నాటి నుంచి చేతికి చిక్కినవాణ్ణి హింసించడాన్ని ఆయన ఒప్పుకోలేదు.

1794 ఆగస్టు 20న ఫాలెన్ టింబర్స్ అనే చోట అమెరికా ఫౌజు ఆదివాసుల ఉమ్మడి దండును ఓడించింది. టెకుమ్సే ఆ పోరులో ఉన్నాడు. మరో అన్న అక్కడే కూలాడు. దగ్గరలోనే మామీ నది ఒడ్డున ఇంగ్లీషువారి కోట ఉంది, ఫోర్ట్ మయామీస్ అని. అంతవరకు ఆదివాసులకు తుపాకులిచ్చి ఎగదోసింది వారే. ఓడిన యోధులు పరుగున ఆ కోట దగ్గరకు వెళ్తే లోపలివారు తలుపులు తెరవలేదు. అమెరికాతో తగాదా ఎందుకని వారి లెక్క. పాఠకులు ఈ కోట పేరు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

మరుసటి ఏడు గ్రీన్‌విల్ ఒప్పందంలో తెగల నాయకులు ఇప్పటి ఒహాయో రాష్ట్రంలో చాలా భాగాన్ని రాసిచ్చేశారు. టెకుమ్సే ఆ సభకు పోలేదు. ఆ దస్తావేజును ఒప్పుకోనూ లేదు.

ఇక ఆయన తమ్ముడి సంగతి. ఒక కన్ను పోయినవాడు, సారాకు బానిస, ఇంట్లోవారికే లోకువ. 1805లో ఒకనాడు స్పృహ తప్పి పడిపోయి, లేచి, తనకు దివ్యదర్శనం అయిందన్నాడు. సారా ముట్టవద్దు, తెల్లవారి సరుకుల మీద ఆధారపడవద్దు అని బోధ మొదలుపెట్టాడు. తాను నిజంగానే తాగుడు మానేశాడు. టెన్‌స్క్వాటావా అని పేరు మార్చుకున్నాడు. ఇండియానా సీమ గవర్నరు విలియం హెన్రీ హారిసన్, నిజమైన మహిమగలవాడైతే సూర్యుణ్ణి ఆపమనండి చూద్దాం అన్న తీరులో ఎద్దేవా చేస్తూ కబురంపాడు. 1806 జూన్ 16న సూర్యగ్రహణం పట్టింది! తమ్ముడు ఆ సంగతి ముందే చెప్పాడన్నారు. గ్రహణం వస్తుందని ఆయనకెలా తెలిసిందో గాని, ఆనాటి నుంచి జనం తండోపతండాలుగా వచ్చారు. 1808లో అన్నదమ్ములిద్దరూ వాబాష్, టిపెకనూ నదులు కలిసేచోట ఒక ఊరు కట్టారు. అక్కడ అన్ని తెగలవారూ ఉండవచ్చు.

తమ్ముడిది భక్తి. అన్నది రాజకీయం. టెకుమ్సే వాదన చాలా తేలికైనది, కాని అంతవరకు అంత గట్టిగా పట్టుకున్నవారు తక్కువ. ఈ నేల తెగలన్నిటిదీ కలిపి. ఊరుమ్మడి చెరువును ఊళ్ళో ఒక మోతుబరి అమ్మితే ఎలా చెల్లదో, అందరూ ఒప్పుకోకుండా ఏ ఒక్క నాయకుడు నేల అమ్మినా చెల్లదు. హారిసన్ పని దీనికి సరిగ్గా ఎదురు. ఒక్కొక్క తెగ నాయకుణ్ణి విడిగా పిలవడం, కానుకలు, ఏటా ఇంత సొమ్మని ఆశ పెట్టడం, కాగితాల మీద గుర్తులు పెట్టించుకోవడం. 1809 సెప్టెంబరులో ఫోర్ట్ వేన్ దగ్గర ఇలాగే సుమారు 30 లక్షల ఎకరాలు రాయించుకున్నాడు. 1810 ఆగస్టులో టెకుమ్సే వందలాది యోధులతో విన్సెన్స్ ఊరికి వెళ్ళి గవర్నరు ఇంటి ఎదుటే ఆ క్రయం చెల్లదని తెగేసి చెప్పాడు. మాటామాటా పెరిగి ఇరుపక్షాలూ ఆయుధాల మీద చేయి వేసేదాకా వచ్చింది. విచిత్రమేమంటే, తర్వాత హారిసనే పైవారికి రాస్తూ ఈయనను అసామాన్యుడని మెచ్చుకున్నాడు. శత్రువు ఎంతటివాడో అతనికి బాగా తెలుసు. అందుకే అదను కోసం చూశాడు.

ఆ అదను 1811లో దొరికింది. దక్షిణాది తెగలను కూడా కలుపుకోవాలని టెకుమ్సే చాక్టా, చికసా, క్రీక్ తెగల దగ్గరకు వందల మైళ్ళు ప్రయాణమై వెళ్ళాడు. తాను వచ్చేవరకు యుద్ధం వద్దని తమ్ముడికి గట్టిగా చెప్పి వెళ్ళాడు. హారిసన్ ఫౌజుతో ఊరి దగ్గర దిగాడు. నవంబరు 7 తెల్లవారుజామున తమ్ముడి మనుషులు ఆ దండు మీద పడ్డారు. తెల్లవారి గుళ్ళు మనల్ని తాకవని ఆయన నమ్మబలికాడు. గుళ్ళు తాకాయి. ఊరు, ఊళ్ళో దాచుకున్న ధాన్యం కాలిపోయాయి. టెకుమ్సే తిరిగివచ్చి చూస్తే బూడిద. ఆరేళ్ళ కష్టం ఒక్క ఉదయంలో పోయింది. తమ్ముడి మాటకు ఆ తర్వాత విలువ లేకపోయింది.

ఇదంతా అడవిలో. సముద్రం మీద ఇంకొక తగాదా నడుస్తున్నది. నెపోలియన్‌తో పోరాడుతున్న ఇంగ్లాండుకు నావికుల కరువు. వారి ఓడల్లో జీతం తక్కువ, కొరడా దెబ్బలు ఎక్కువ, అందువల్ల పారిపోయి అమెరికా ఓడల్లో చేరేవారు. ఇంగ్లీషు నౌకాదళం అమెరికా ఓడలను ఆపి, మావాడు అని తోచినవాణ్ణల్లా వెట్టికి పట్టుకుపోయినట్లు పట్టుకుపోయేది. ఇలా పోయినవారిలో అమెరికా పౌరులు వేలమంది. 1807 జూన్ 22న లెపర్డ్ అనే ఇంగ్లీషు యుద్ధనౌక, వర్జీనియా తీరానికి దగ్గరలో చెసపీక్ అనే అమెరికా యుద్ధనౌక మీదనే ఫిరంగులు పేల్చి నలుగురిని లాక్కుపోయింది. దానికి తోడు ఫ్రాన్సుతో ఎవరూ వ్యాపారం చేయరాదని ఇంగ్లాండు ఆంక్షలు.

చివరకు 1812 జూన్ 18న అమెరికా యుద్ధం ప్రకటించింది. సెనేటులో 19 మంది అవునన్నారు, 13 మంది కాదన్నారు. చూడండి, ఓడల వ్యాపారం చేసే ఈశాన్య రాష్ట్రాలవారు యుద్ధం వద్దన్నారు. ఓడ ముఖం చూడని కెంటకీ వంటి పడమటి సీమలవారు కావాలన్నారు. వారి కన్ను నేల మీద. కెనడా చేతికొస్తే ఆదివాసులకు తుపాకులిచ్చేవారు ఉండరు, నేల సులువుగా దొరుకుతుంది. ఇంకో సంగతి: యుద్ధం ప్రకటించిన అయిదు రోజులకే లండన్‌లో ఆ వ్యాపార ఆంక్షలు ఎత్తేశారు. కాని కబురు ఓడ మీద వెళ్ళాలి గదా! అది చేరేసరికి తుపాకులు మోగుతున్నాయి.

టెకుమ్సే ఇంగ్లీషువారి పక్షం చేరాడు. తలుపులు మూసిన కోట ఆయనకు గుర్తులేక కాదు. ఇద్దరిలో నేల అడగనివాడు ఇంగ్లీషువాడు, అంతే. మొదట్లో అంతా కలిసి వచ్చింది. అప్పర్ కెనడాలో దండు నడిపిన జనరల్ బ్రాక్ ధైర్యవంతుడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం. 1812 ఆగస్టు 16న డెట్రాయిట్ కోటలోని జనరల్ హల్, తన దండు పెద్దదైనా ఒక్క పోరు కూడా చేయకుండా లొంగిపోయాడు. టెకుమ్సే మనుషులు అడవి అంచున ఒకే వరుసగా తిరిగి తిరిగి కనపడి వేలమంది ఉన్నట్లు భ్రమింపజేశారని చెబుతారు. అయితే రెండు నెలలు తిరగకుండానే, అక్టోబరు 13న క్వీన్‌స్టన్ దగ్గర బ్రాక్ చనిపోయాడు. ఆ తర్వాత టెకుమ్సేకు తోడుగా ఇంగ్లీషు దండు నడిపినవాడు ప్రోక్టర్. ఇక్కడి నుంచి కథ దిగజారింది.

1813 మే నెలలో ఫోర్ట్ మెగ్స్ ముట్టడిలో వందలమంది అమెరికన్లు పట్టుబడ్డారు. వారిని పాడుపడిన ఫోర్ట్ మయామీస్ ప్రాంగణంలో పెట్టారు - పందొమ్మిదేళ్ళ కింద తలుపు తెరవని ఆ కోటే. అక్కడ కొందరు యోధులు నిరాయుధులైన ఖైదీలను నరకడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు సిపాయిలు ఆపలేకపోయారు. కబురు తెలిసి టెకుమ్సే గుర్రం మీద దూసుకువచ్చి, తనవాళ్ళ మధ్యలోనే దూకి, ఆ హత్యలు ఆపించాడు. తర్వాత ప్రోక్టర్‌ను నిలదీశాడు. తన ఊళ్ళు కాల్చినవారిని, తండ్రిని అన్నలను చంపినవారి మనుషులను, ఏ కోట ముందు తనవారికి దిక్కు లేకపోయిందో ఆ కోటలోనే కాపాడినవాడు ఈయన. ఈ ఒక్క సంగతి కోసమే మేము ఈ వ్యాసం రాయడానికి పూనుకున్నాం అన్నా తప్పులేదు.

కాని ఆయన తలరాత తేలింది నీటి మీద. ఈరీ సరస్సు పొడవు సుమారు 240 మైళ్ళు. చుట్టూ అడవి, సరైన బాటలు లేవు. ఇంగ్లీషు దండుకు, వారిని నమ్మి వచ్చిన వేలాది ఆదివాసి కుటుంబాలకు తిండి, మందుగుండు అన్నీ ఈ సరస్సు మీదనే రావాలి. అమెరికన్ అధికారి పెర్రీ, 28 ఏళ్ళవాడు, అడవిలో పచ్చి కలప కొట్టించి ఓడలు కట్టించాడు. ఆకలి పెరిగి, ఇక ఆగలేక ఇంగ్లీషు అధికారి బార్‌క్లే యుద్ధానికి బయలుదేరాడు. 1813 సెప్టెంబరు 10న పెర్రీ 9 ఓడలు, బార్‌క్లే 6 ఓడలు తలపడ్డాయి. పెర్రీ ఎక్కిన ఓడ తుక్కుతుక్కైతే చిన్న పడవలో గుళ్ళ మధ్య నుంచి ఇంకో ఓడకు మారి పోరాటం సాగించాడు. సాయంత్రానికి ఇంగ్లీషు ఓడలు ఆరూ పట్టుబడ్డాయి. ఫిరంగుల మోత ఆమ్హర్స్ట్‌బర్గ్ ఒడ్డున ఉన్న ఆదివాసులకు వినిపించింది. ఫలితం ఏమిటో ప్రోక్టర్ వెంటనే చెప్పలేదు. అతను కోట విప్పించి, సామాను కట్టించడం మొదలుపెట్టాక వారికి అర్థమైంది. టెకుమ్సే నిండు సభలో ప్రోక్టర్‌ను పిరికివాడని కడిగేశాడు. పోతే పోండి, ఆ తుపాకులు మాకిచ్చి పోండి, మేము ఇక్కడే నిలుస్తాం అనేది ఆయన మాటల సారం. లాభం లేకపోయింది.

అక్టోబరు 5న థేమ్స్ నది ఒడ్డున, మొరేవియన్‌టౌన్ దగ్గర హారిసన్ మూడువేలకు పైగా మనుషులతో వచ్చి పట్టుకున్నాడు. ఇంగ్లీషు వరుసలు కొద్ది నిమిషాల్లో చెదిరిపోయాయి. ప్రోక్టర్ పారిపోయాడు. సుమారు అయిదువందల మంది ఆదివాసులు మాత్రం బురదనేలలో నిలబడి పోరాడారు, టెకుమ్సే కూలిపోయేవరకు. ఆయనకప్పుడు సుమారు 45 ఏళ్ళు. అంటే మా ఈడువాడే. ఆయన్ను చంపింది తానేనని రిచర్డ్ జాన్సన్ అనే అధికారికి పేరొచ్చింది, ఆ పేరుతో 1837లో అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు. టిపెకనూ పేరు చెప్పుకునే హారిసన్ 1841లో అధ్యక్షుడై నెల రోజులకే చనిపోయాడు. టెకుమ్సే సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

యుద్ధం ఇంకో ఏడాదికి పైగా సాగింది. 1814 ఆగస్టులో ఇంగ్లీషువారు వాషింగ్టన్ నగరాన్ని తగులబెట్టారు. సెప్టెంబరులో బాల్టిమోర్ కోట మీద రాకెట్లు వేశారు. ఈ రాకెట్లు మనకు కొత్తవి కావు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు సుల్తాన్ రాకెట్లను ఇంగ్లాండుకు పట్టుకుపోయారు. వాటిని చూసి కాంగ్రీవ్ అనే ఇంగ్లీషువాడు తయారుచేసినవే ఇవి. మైసూరు నిప్పు అంత దూరం వెళ్ళి మండిందన్నమాట.

1814 డిసెంబరు 24న బెల్జియంలోని ఘెంట్ నగరంలో సంధి కుదిరింది. మొదట ఇంగ్లాండు, ఆదివాసులకు ప్రత్యేకంగా ఒక సీమ వదలాలని పట్టుబట్టింది. కొన్ని వారాలకు ఆ మాట జారవిడిచింది. ఎవరి నేల వారికి తిరిగి వచ్చింది, యుద్ధానికి మొదటి కారణమని చెప్పిన నావికుల పట్టివేత గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఆదివాసులకు 1811 నాటి హక్కులు తిరిగి ఇవ్వాలని తొమ్మిదవ షరతులో రాసుకున్నారు. అది కాగితం మీదనే ఉండిపోయింది. 1830లో చట్టం చేసి మరీ తెగలను మిసిసిపీ నదికి ఆవల పంపసాగారు. తమ్ముడు 1836లో కాన్సస్‌లో, తన సొంత గడ్డకు దూరంగా చనిపోయాడు.

అమెరికా నౌకాదళపు అధికారులకు శిక్షణనిచ్చే విద్యాలయం అనాపొలిస్ నగరంలో ఉంది. దాని ఆవరణలో ఒక ఆదివాసి నాయకుడి కంచు విగ్రహం ఉంది. పరీక్షల ముందు విద్యార్థులు పాస్ కావాలని దాని మీదకు చిల్లర నాణేలు విసురుతారు. అందరూ దాన్ని టెకుమ్సే అనే పిలుస్తారు. నిజానికి అది ఆయన విగ్రహం కాదు. డెలావేర్ తెగకు చెందిన టామనెండ్ అనే నాయకుడిది. ఒకనాటి యుద్ధనౌక ముందు భాగాన చెక్కిన బొమ్మకు నకలు.