కరువు సీమ బంధువు: విన్సెంట్ ఫెర్రర్

పెనుకొండ దుర్గము విజయనగర ప్రభువుల వైభవమునకు సాక్షి. ధర్మవరము పట్టుచీరలకును, హిందూపురము బెల్లము, చింతపండు వర్తకమునకును పేరొందిన పట్టణములు. ఈ మూడును పూర్వము అనంతపురము జిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఇంతటి చరిత్ర గల ఈ సీమను తరతరములుగా వెన్నాడుచున్న శత్రు వొకటి కలదు. అది కరువు. నైరృతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమున కురిసి, ఇచ్చటికి వచ్చుసరికి సన్నగిల్లును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడును. అదియు వేళకు పడదు. 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాత కరువులో రాయలసీమ జనులు అసంఖ్యాకముగా మరణించిరి. 1952లో ఈ సీమ యందు గంజి కేంద్రములు తెఱువవలసి వచ్చెను. కరువు వచ్చినపుడు మొదట మాడునది పసిబిడ్డల కడుపు. మొదట ఆగిపోవునది వారి చదువు. అట్టి బిడ్డలకై తన జీవితమును ధారవోసిన మహనీయుడు విన్సెంట్ ఫెర్రర్.

ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9వ తేదీన స్పెయిను దేశమందలి బార్సిలోనా నగరమున జన్మించెను. 1936లో ఆ దేశమున అంతర్యుద్ధము చెలరేగి మూడేండ్లు సాగెను. అన్నదమ్ములే శత్రువులై పోరిన ఆ ఘోర సమయమున, మీసమైనను మొలవని బాలురను సైతము సైన్యమున చేర్చుకొనిరి. ఫెర్రరును గణతంత్ర పక్షమున నిలిచి ఎబ్రో నది యొద్ద జరిగిన యుద్ధమున పాల్గొనెను. 1939లో ఆ పక్షము ఓడిపోగా, లక్షలకొలది శరణార్థులతో పాటు ఆయనయు ఫ్రాన్సు సరిహద్దు దాటి, ఆర్జెలెస్ అను సముద్రతీరమందలి శిబిరమున నిర్బంధింపబడెను. ఇసుక నేలయే శయ్య, ఆకాశమే కప్పుగా జనులు కాలము గడపిన చోటది. స్వదేశమునకు మరలిన పిదపను కొంతకాలము నిర్బంధము తప్పలేదు. ఆకలి యననేమో, ఆశ్రయము లేని బ్రతుకెట్టిదో ఆయన పుస్తకములలో చదివి తెలిసికొన్నవాడు కాడు.

యుద్ధానంతరము ఆయన న్యాయశాస్త్రమును అభ్యసింప నారంభించెను. కాని పరుల సేవయందే మనస్సు లగ్నమగుటచే ఆ చదువును విడిచి, 1944లో జెసూట్ క్రైస్తవ సంఘమున చేరెను. 1952 ఫిబ్రవరిలో, అనగా రాయలసీమ కరువున అలమటించిన ఆ సంవత్సరముననే, ఆయన ఓడ దిగి బొంబాయి నేలపై అడుగిడెను.

కొన్నేండ్లకు ఆయన మహారాష్ట్రమున నాసిక్ జిల్లాలోని మన్మాడు చేరెను. అచ్చటి పేదరైతుల పొలములు నీరు లేక బీళ్లై యుండెను. నేడు పిడికెడు ధాన్య మిచ్చిన నేటి ఆకలి తీరును. రేపటి మాట యేమి? ఈ ప్రశ్న ఆయనను నిలువనీయలేదు. అందువలన ఆయన ఉచితముగ ధాన్యము పంచిపెట్టుటకు మాఱుగ, బావులు త్రవ్వుకొను రైతులకు గోధుమలును నూనెయు ఇచ్చు పద్ధతి నవలంబించెను. బావి పూర్తియగువఱకు కుటుంబమునకు తిండి దొరకెను. పూర్తియైన పిమ్మట పొలమునకు నీరు దొరకెను. రైతు యాచకుడు కాక తన చేతి కష్టముతో తలయెత్తుకొని నిలిచెను.

పేదలు ఒక్కటగుట కొందఱు పలుకుబడి గలవారికి రుచింపలేదు. వారి ఫిర్యాదుల ఫలితముగ 1968లో ఫెర్రరు దేశము విడిచి పోవలెనని ఉత్తర్వు వెలువడెను. ఆ వార్త విని సుమారు 30,000 మంది రైతులు మన్మాడు నుండి బొంబాయి వఱకు 250 కిలోమీటర్లు నడచి తమ యాత్మబంధువును పంపవలదని వేడుకొనిరి. ప్రధానమంత్రి ఇందిరాగాంధి జోక్యము వలన, ఆయన కొంతకాలము విదేశమున గడపి మరలి వచ్చుటకు వీలు కలిగెను. 1969లో తిరిగి వచ్చినపుడు ఆయనను ఆదరించి చోటిచ్చినది ఆంధ్రప్రదేశము. సుఖముగ నుండదగిన చోట్లు పెక్కు లున్నను, ఆయన కరువునకు నెలవైన అనంతపురమునే కోరుకొనెను.

1970లో ఆయన జెసూట్ సంఘమును వీడి, ఆంగ్ల వనితయు పత్రికా రచయిత్రియు నగు అన్నే పెర్రీని వివాహమాడెను. నాటి నుండి ఆ దంపతులు గ్రామీణాభివృద్ధి సంస్థ యనబడు రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ద్వారమున సేవ సాగించిరి. బావులు త్రవ్వించిరి, వాన నీరు వృథాగా పోకుండ వాగులకు అడ్డుకట్టలు కట్టించిరి, చెట్లు నాటించిరి. పేదలకు ఇండ్లు కట్టించి వానిని స్త్రీల పేరున వ్రాయించిరి. ఇంటికి యజమానురాలైన తల్లి తన బిడ్డలతో వీథిపాలు కాదని వారి తలంపు.

బాలల విషయమున ఆయన చేసిన కార్యము ప్రత్యేకముగ చెప్పదగినది. స్పెయిను దేశమందలి సామాన్య కుటుంబములు ఒక్కొక్క బిడ్డను తమ బిడ్డగా తలచి నెలనెల కొంత సొమ్ము పంపు ఏర్పాటు నాయన వ్యాపింపజేసెను. ఒకనాడు యుద్ధమున నలిగిన దేశమే కరువున నలిగిన బిడ్డలకు చేయూత నిచ్చినది. ఆ సొమ్మును ఏ యొక్క ఇంటికో పంచిపెట్టక, ఊరి యందలి బిడ్డలందఱకును మేలు కలుగునట్లు బడికి, వైద్యమునకు, నీటికి వినియోగించిరి. ఒక బిడ్డ చదివి, ప్రక్కయింటి బిడ్డ పస్తుండినచో ఆ యూరు బాగుపడదు గదా! దళితవాడలలో అనుబంధ పాఠశాలలు నెలకొల్పి, ఇంట చదువు చెప్పువారు లేని పిల్లలకు పాఠములు నేర్పించిరి. చూపు లేనివారికి, వినికిడి లేనివారికి ప్రత్యేక పాఠశాలలు స్థాపించిరి. ధర్మవరమునకు చేరువనున్న బత్తలపల్లిలో 2000వ సంవత్సరమున పెద్ద ఆసుపత్రి తెఱువబడెను. అంతకుముందు దూరపు పట్టణములకు పోలేక బిడ్డలను పోగొట్టుకొనిన తల్లులకు అది కొండంత అండ యైనది.

1998లో స్పెయిను దేశము ఆయనకు ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియాస్ పురస్కార మొసగి గౌరవించెను. 2009 జూన్ 19వ తేదీన, 89 ఏండ్ల వయస్సున, ఆయన అనంతపురమున కన్నుమూసెను. ఆయన భౌతికకాయమును బత్తలపల్లి నేలలోనే ఖననము చేసిరి. భార్యయు కుమారుడును ఆయన బాటను విడువక సేవను కొనసాగించిరి.

ఫెర్రరు ఈ నేలపై పుట్టలేదు. ఈ భాష ఆయన తల్లిభాష కాదు. ఆయన కరువును తఱిమివేయలేదు. వాన నేటికిని మొగము చాటేయుచునే యున్నది. కాని కరువు వచ్చినపుడు బిడ్డ బడి మానవలసిన పని లేదని, రోగము వచ్చినపుడు ఊరు విడువవలసిన పని లేదని ఆయన ఆచరణలో చూపెను. ఆకలిగొన్న వానికి అన్నము పెట్టుట పుణ్యము. వాడు మఱల ఆకలిగొనకుండ దారి చూపుట అంతకంటె గొప్ప పుణ్యము.