పాల్ మ్యూని: ఇంటి భాష పెంచిన నటుడు

ఇంట నొక భాషయు, వీధిలో మరియొక భాషయు వినుచు పెరుగు పిల్లల తలిదండ్రులకు ఒక సందేహము తరచు కలుగుచుండును. ఇంటి భాషలో గడచిన బాల్యము పిల్లవాని అభివృద్ధికి అడ్డుగోడ యగునేమో యని వారి భయము. అమెరికా దేశమున నాటకరంగమునందును, చలనచిత్రములందును, టెలివిజనునందును పేరుగాంచిన పాల్ మ్యూని జీవితము ఆ భయమునకు తగిన సమాధానము.

ఆయన 1895వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లెంబర్గు నగరమున జన్మించెను. అప్పుడది ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యములోనిది. నేడు యుక్రెయిన్ దేశమున ల్వివ్ అను పేరుతో నున్నది. తలిదండ్రులు పెట్టిన పేరు మెషిలెం మేయర్ వైసెన్‌ఫ్రాయిండ్. వారు యూదులు. ఇరువురును యిడ్డిష్ భాషలో నాటకములాడి జీవించు నటులు. యిడ్డిష్ తూర్పు ఐరోపా యూదుల ఇంటి భాష. అది జర్మను భాషకు దగ్గరి చుట్టము. వ్రాయుట మాత్రము హీబ్రూ లిపిలో. రాజాదరము లేకపోయినను, కథలకును, పాటలకును, నాటకములకును ఆ భాషలో కొదువ లేదు.

1902లో ఆ కుటుంబము అమెరికాకు వలసపోయెను. క్లీవ్‌లాండు నగరమున, తన 12వ యేట, ఆ బాలుడు 80 ఏండ్ల వృద్ధుని వేషము ధరించి రంగమెక్కెను. గడ్డము అతికించుకొనవచ్చును, కాని వంగిన నడుమును, వణకు కంఠమును అభ్యాసముచే సాధింపవలసినవే. తన ముఖమునకు తానే రంగులు దిద్దుకొని వేరొక మనుష్యుడుగా మారు నేర్పు ఆయనకు ఆ వయస్సుననే అలవడెను. పిమ్మట న్యూయార్కు నగరమున మారిస్ ష్వార్ట్జ్ నెలకొల్పిన యిడ్డిష్ కళారంగమున చేరి గొప్ప నటుడని పేరు పొందెను. 1921లో, అదే భాషారంగమునకు చెందిన నటి బెల్లా ఫింకెల్‌ను వివాహమాడెను.

ఆంగ్ల నాటకమున ఆయన మొదటి వేషము 1926లో లభించెను. అప్పటికి ఆయనకు 30 ఏండ్లు దాటినవి. ఆ వేషము కూడ ఒక యూదు వృద్ధునిదే. 1929లో చలనచిత్రములలో ప్రవేశించినప్పుడు ఆయన పేరు పాల్ మ్యూనిగా మారెను. మొదటి చిత్రమగు ‘ది వేలియంట్’కే ఉత్తమనటుని ఆస్కారు బహుమతికై ఆయన పేరు పరిశీలనకు వచ్చెను. ఆ సంవత్సరముననే మరియొక చిత్రమున ఒక్కడే ఏడు వేషములు ధరించెను.

1932లో ‘స్కార్‌ఫేస్’ చిత్రమున క్రూరుడగు దొంగల నాయకుడుగా నటించెను. అదే యేట వచ్చిన మరియొక చిత్రము రాబర్టు బర్న్స్ అనునతని నిజగాథ ననుసరించినది. 6 డాలర్లకు లోపు సొమ్ము దొంగతనములో పాల్గొన్నందుకు జార్జియా రాష్ట్రము ఆయనకు కఠినశిక్ష విధించి, కాళ్లకు గొలుసులు వేసి పని చేయించెను. ఆ ఖైదీగా మ్యూని నటన చూచి ప్రజలు కలతచెందిరి. సంకెలల శిక్షకు విరుద్ధముగా దేశమున లేచిన అలజడికి ఆ చిత్రము బలము చేకూర్చెను.

లూయీ పాశ్చరు శాస్త్రజ్ఞుని పాత్రకు 1936వ సంవత్సరపు ఉత్తమనటుడుగా ఆస్కారు బహుమతి నందెను. 1937లో ఫ్రెంచి రచయిత ఎమిలీ జోలాగా నటించెను. డ్రైఫస్ అను యూదు సేనాధికారికి జరిగిన అన్యాయమును జోలా ఎదిరించుట అందలి ముఖ్యకథ. అయినను ఆ చిత్రమున యూదుడను మాట ఒక్కమారైనను వినబడదు. ఆ కాలపు చిత్రనిర్మాతల జంకు అట్టిది. అదే సంవత్సరమున ‘ది గుడ్ ఎర్త్’ చిత్రమున చీనా రైతు వేషము వేసెను. అనా మే వాంగ్ వంటి చీనా సంతతి నటి యుండగా, ముఖ్యపాత్రలను తెల్లవారికే యిచ్చుట తగదని నేడు విజ్ఞులు భావింతురు. చిన్న సమాజము నుండి వచ్చిన మ్యూనికి తెరచుకొన్న తలుపు, మరియొక చిన్న సమాజమునకు తెరచుకొనలేదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున నాజీలు సుమారు 60 లక్షల యూదులను చంపిరి. వారిలో అధికసంఖ్యాకులు యిడ్డిష్ మాటలాడువారే. మ్యూని జన్మించిన నగరమునందలి యూదులలో మిగిలినవారు మిక్కిలి కొలదిమంది. 1946లో ఆ మారణహోమము నుండి బయటపడిన వృద్ధుని పాత్రను ఆయన న్యూయార్కు రంగస్థలమున ధరించెను. బాల్యమున నేర్చిన వృద్ధవేషము ఇప్పుడు నశించిన ఒక లోకమునకు గొంతుక యయ్యెను.

1955లో ‘ఇన్‌హెరిట్ ది విండ్’ అను నాటకమున న్యాయవాదిగా నటించుచుండగా, కంటిలో గడ్డ పుట్టి ఎడమ కన్ను తీసివేయవలసి వచ్చెను. కొన్ని నెలలకే ఆయన మరల రంగమెక్కి ఆ పాత్రనే ధరించెను. 1956లో దానికి టోనీ బహుమతి లభించెను. తరువాత టెలివిజను నాటకములందును నటించెను. 1959లో వచ్చిన కడపటి చిత్రము ‘ది లాస్ట్ యాంగ్రీ మాన్’లో బ్రూక్లిను పేదలకు చికిత్స చేయు ముదుసలి వైద్యుడుగా కనిపించెను. మొదటి చిత్రమునకు వలెనే కడపటి చిత్రమునకును ఆస్కారు పరిశీలనలో ఆయన పేరు నిలిచెను. 1967 ఆగస్టు 25వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమున, 71 ఏండ్ల వయస్సున, మరణించెను.

విద్యార్థులారా! మ్యూని ఆంగ్లమును శ్రద్ధతో నేర్చెను; ఆ శ్రమ లేనిదే ఆయనకు ఆ ఖ్యాతి కలిగెడిది కాదు. కాని ఆయన ఆంగ్లరంగమునకు వట్టిచేతులతో పోలేదు. మనుష్యుల నడకను, మాటను, దుఃఖమును గమనించి చూపుట అంతకుముందే తలిదండ్రుల భాషలో నేర్చి, దానిని వెంట గొనిపోయెను. పొరుగు భాషలను చక్కగా నేర్చుకొనుడు. ఇంట లభించిన భాషను వాడిపోనీయకుడు.